టెక్ సందేహాలు: పొలం కింద పూడిన కొండకోటను ఫొటోలో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: ఇంగ్లాండ్‌లో ఉంటున్నాను. దగ్గర్లోని కొండ మీద ఇనుప యుగం నాటి కోట ఉండేదని అంటారు. ఇప్పుడక్కడ గోధుమ పొలం తప్ప ఏమీ లేదు. గూగుల్ ఎర్త్‌లోనూ అంతా పచ్చగానే ఉంది. డ్రోన్ కొంటే కనిపిస్తుందా? ఏది కొనాలి?

జవాబు: డ్రోన్ సంగతి తర్వాత చూద్దాం. మీరు చూసిన ఫొటో ఏ నెలలో తీసిందో గమనించారా? ఈ పనిలో కెమెరా కంటే తేదీ ముఖ్యం.

కోట చుట్టూ తవ్విన కందకం కాలక్రమంలో మట్టితో పూడిపోతుంది. దాని పక్కనున్న కట్ట ఏటేటా దున్నడంతో చదునైపోతుంది. అయినా కందకంలో చేరిన మట్టి లోతుగా, మెత్తగా ఉండి తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. వానలు లేక మిగతా పైరు ఎండుతున్నప్పుడు కందకం మీది పైరు మాత్రం పచ్చగా, కాస్త ఏపుగా ఉంటుంది. అడుగున రాతిగోడ ఉంటే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, దాని మీది పైరు ముందే పసుపు తిరుగుతుంది. పొలంలో నిలబడి చూస్తే ఈ తేడా దాదాపు తెలియదు. పై నుంచి చూస్తే గీతలా కనిపిస్తుంది. వానలు బాగా పడిన ఏడాది మాత్రం ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఆ గీత దొరకదు.

అందుకే ముందు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. పైన గడియారం గుర్తు నొక్కితే పాత ఫొటోలన్నీ తేదీలవారీగా వస్తాయి. జూన్, జులై నెలలవి వెతకండి. 2018, 2022 వేసవులు అక్కడ బాగా పొడిగా గడిచాయి. ఆ ఏళ్లవి ఉంటే ముందు వాటినే చూడండి. ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ అనే ప్రాచీన సమాధి దగ్గర అంతవరకూ ఎవరికీ తెలియని ఒక పెద్ద వలయాకార కట్టడం ఆనవాళ్లు 2018 జులైలోనే డ్రోన్ ఫొటోల్లో బయటపడ్డాయి. ఆ ఏడాది కరవే వాటిని పైకి తెచ్చింది.

కొండ వాలును అనుసరిస్తూ వంపు తిరిగిన గీత, మధ్యలో ద్వారం ఉండేచోట ఖాళీ కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. సమాన దూరంలో వెళ్లే జంట గీతలు ట్రాక్టర్ చక్రాలవి. తిన్నగా పోయేది పైప్‌లైన్ కావచ్చు. వేరే ఏడాది ఫొటోలోనూ అదే చోట గీత ఉంటే ట్రాక్టర్ అనుమానం తీరుతుంది. కానీ నేల సహజంగా పగిలిన చోట్లు కూడా ఏటా ఒకేలా కనిపిస్తాయి, తొందరపడి కోట అనేయకండి. బ్రిటన్, ఐర్లండ్ కొండకోటల ఆన్‌లైన్ అట్లాస్‌లో 4 వేలకు పైగా చోట్లు నమోదై ఉన్నాయి. మీ కొండ అందులో ఉందేమో కూడా చూసుకోండి.

కట్ట కాస్తయినా మిగిలి ఉంటే లైడార్ (విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తును కొలిచే పద్ధతి) ఉపయోగపడుతుంది. చెట్ల కింద ఉన్నా సరే, నేల ఎత్తుపల్లాలు చూపిస్తుంది. ఇంగ్లాండ్‌లో ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఈ డేటాను ఉచితంగా ఇస్తోంది. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి హిల్‌షేడ్ (ఒక దిక్కు నుంచి వెలుగు పడినట్టు నీడలు చూపే సెట్టింగ్) పెట్టండి. ఒక్క దిక్కు నుంచే వెలుగు పెడితే, ఆ దిక్కుకు సమాంతరంగా ఉన్న కట్టలు కనిపించవు. కాబట్టి దిక్కులు మారుస్తూ చూడండి. పూర్తిగా చదునైపోయిన కోటకు మాత్రం పైరు గీతలే దిక్కు.

ఇవన్నీ చూశాక కూడా కావాలనిపిస్తే డ్రోన్ కొనండి. ఖరీదైన మోడల్ అక్కర్లేదు, రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయకుండా ఇచ్చే పూర్తి ఫైల్) ఫొటో తీయగలిగితే చాలు. పొలం యజమానిని అడిగి, 120 మీటర్ల ఎత్తు దాటకుండా, కెమెరాను ఏటవాలుగా పెట్టి పొలం చుట్టూ ఒక రౌండ్ తిప్పండి. కొన్ని గీతలు ఒక్క కోణం నుంచే కనిపిస్తాయి.

ప్రశ్న: మసకగా ఉన్న ఫొటోను ఏఐ యాప్‌తో షార్ప్ చేయొచ్చా?

జవాబు: దయచేసి వద్దు. అలాంటి యాప్‌లు లేని అంచులను కూడా కల్పించి గీస్తాయి. మనం వెతికేదే సన్నటి అంచు కాబట్టి ఇక్కడ ఆ నష్టం చాలా పెద్దది. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో లెవెల్స్, కాంట్రాస్ట్ మార్చండి. రెడ్, గ్రీన్, బ్లూ చానెళ్లను విడివిడిగా చూడండి. ఒరిజినల్ ఫైల్‌ను ముట్టుకోకుండా దాచండి.

ప్రశ్న: సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం కదా, సరిపోతాయా?

జవాబు: సరిపోవు. వాటిలో ఒక్క పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. కందకం చాలాసార్లు అంతకన్నా సన్నం.

ప్రశ్న: గీత దొరికితే మెటల్ డిటెక్టర్‌తో వెళ్లి చూడొచ్చా?

జవాబు: వద్దు. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం నేరం. కాకపోయినా యజమాని అనుమతి కావాలి. ఫొటో, తేదీ, కోఆర్డినేట్లు మీ కౌంటీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్‌కు (ఆ ప్రాంతపు పురావస్తు వివరాలు నమోదు చేసే విభాగం) పంపండి. వాళ్లు పరిశీలించేదాకా సోషల్ మీడియాలో లొకేషన్ పెట్టకండి, తవ్వి దోచుకునేవాళ్లు కూడా చూస్తుంటారు.