సందేహాలు – సమాధానాలు: పుల్లని పండులో ‘అనామ్లజనకాలు’?

సందేహం: దక్షిణాఫ్రికా అడవి పండు నేటాల్ ప్లమ్ గురించిన వ్యాసంలో ‘ఇందులో అనామ్లజనకాలు, విటమిన్ సి పుష్కలం’ అని చదివాను. పండు పుల్లగా ఉంటుందనీ అందులోనే రాశారు. పులుపున్న చోట అనామ్లాలేమిటి? ఈ మాట సరైనదేనా?

సమాధానం: పండులో వైరుధ్యం లేదు, చిక్కంతా మాటలోనే ఉంది. ‘అనామ్లజనకం’ అని యాంటీ ఆక్సిడెంట్‌కు తెలుగు చేసినవారు ఆక్సిజన్‌కు పాత అనువాదమైన ‘ఆమ్లజని’ని ఆధారం చేసుకున్నారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమనుకుని, గ్రీకులో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంతో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదని 1810లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. గ్రీకు రానివారికి ‘ఆక్సిజన్’లో పులుపు వినిపించదు కనుక ఆ పేరు వల్ల నష్టం లేదు. ‘ఆమ్లజని’ అన్నప్పుడు మాత్రం ఆ పాత పొరపాటు మన చెవికి సూటిగా తగులుతుంది.

దానికి ముందు ‘అన్’ చేరితే ‘ఆమ్లాన్ని పుట్టించనిది’ అనే అర్థమే మొదట తోస్తుంది. ‘అధర్మం’లో లాగా నఞ్‌కు (లేదు, కాదు అనే అర్థమిచ్చే ‘అ’, ‘అన్’లకు) విరోధార్థమూ ఉంది కదా అనవచ్చు. ఉంది. అయినా ఇక్కడ విరోధం ఆమ్లంతోనే అన్నట్టు ధ్వనిస్తుంది, యాంటీ ఆక్సిడెంట్ నిజంగా అడ్డుకునే ఆక్సీకరణ ఊసే రాదు.

ఈ పండు విషయంలో ఆ మాట మరీ పొసగదు. జులూలు అమతుంగులు అనే ఈ పండు మన వాక్కాయకు దగ్గరి చుట్టం. రెండూ కారిస్సా ప్రజాతివే. పండితే ముదురు ఎరుపు. ఆ ఎరుపు ఆంథోసయనిన్లనే వర్ణద్రవ్యాలది. ఇవి ఆమ్లంలో ఎర్రగా ఉంటాయి, క్షారం వైపు జరిగేకొద్దీ నీలానికి తిరుగుతాయి. అంటే ఆ ఎరుపును నిలిపేది పులుపే! ఇక విటమిన్ సి రసాయన నామమే ఆస్కార్బిక్ ఆమ్లం. ఒక ఆమ్లాన్ని పట్టుకుని ‘అనామ్లజనకం’ అంటే మీకు సందేహం రాకుండా ఎలా ఉంటుంది?

దీనికి బదులుగా ‘ప్రతి’, ‘ఆక్సీకరణి’ కలిపి చేసిన ‘ప్రత్యాక్సీకరణి’ కూడా నాకు నచ్చదు. అన్యదేశ్యపు మాటకు యణాదేశం (ఇక్కడ ‘ఇ’ ‘య’గా మారే సంస్కృత సంధి) అతకదు. ‘ఆక్సీకరణ నిరోధకం’ మిశ్ర సమాసమే అయినా చేసే పనిని స్పష్టంగా చెబుతుంది. వాడుకలో స్థిరపడిన ‘యాంటీ ఆక్సిడెంట్లు’ రాసినా తప్పు లేదు. ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఈ పండులోని విటమిన్ సి, ఎర్రని వర్ణద్రవ్యాలు ఆక్సీకరణను అడ్డుకునే గుణం ఉన్నవి.’