బ్రేకులు పడని కారులో ప్రార్థన

చెల్లాయికి,

వందనాలు. నువ్వు రాస్తున్న కార్ రేసు నవలలోంచి పంపిన అధ్యాయాలు చదివాను. వాటి సంగతికి వచ్చే ముందు, వాటితో పాటు పెట్టిన ఉత్తరం గురించి ఒక మాట. "క్రైస్తవ నవలలు, కార్ రేసుల థ్రిల్లర్లు తప్ప నేనేమీ చదవను అన్నయ్యా, నవ్వుకోవద్దు" అని రాశావు. ఎందుకు నవ్వుతాను? ఆ రెండూ నేనూ ఆబగా చదివేవే. అమెరికా నుంచి వచ్చే క్రైస్తవ సస్పెన్స్ నవల కొత్తది చేతికి చిక్కితే ఆ రాత్రి నాకు నిద్ర లేనట్టే. అక్కడ ఈ నవలల కోసమే 1999లో క్రిస్టీ అవార్డులు నెలకొల్పారు, సస్పెన్స్‌కు విడిగా ఒక విభాగం కూడా ఉంది. ఈ నవలల్లో బూతు ఉండదు, పడకగది తలుపు తెరుచుకోదు. ఆ రెండూ లేకుండా మూడొందల పేజీలు మనల్ని కూర్చోబెట్టాలంటే రాసేవాడికి పని తెలిసుండాలి. కోపంతో ఊగిపోతున్న మెకానిక్ నోట ఒక్క తిట్టు కూడా రాకూడదనుకో. ఏం చేయిస్తావు? పానా విసిరి కొట్టించడం అందరూ చేసేదే. వాణ్ణి ఆ పానా తుడవనివ్వు, పెట్టెలో దాని చోట దాన్ని పెట్టనివ్వు, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళనివ్వు.

పిచ్చిగా చదివేవాళ్ళకి ఇంకో లాభం ఉంది. ఎక్కడ పేజీలు గబగబా తిప్పేశామో మనకే తెలుసు. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టడం అలవాటు చేసుకో. నా పుస్తకాల్లో ఆ గీతలు చాలావరకు పాస్టరు గారు హీరోని కూర్చోబెట్టి మాట్లాడే పేజీల్లోనే ఉంటాయి. అదే ప్రసంగం ఆదివారం చర్చిలో అయితే కుదురుగా వింటాను. నవలలో మాత్రం నా ప్రాణం మూడో మలుపులో ఉన్న కారు మీద ఉంటుంది.

ఇక నీ రేసు. హుస్సేన్‌సాగర్ పక్కన, ఎన్టీఆర్ మార్గ్‌లో 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ రేసునే తీసుకున్నావు. మంచిదే, తెలిసిన వీధి. కానీ "ఇంజిన్లు సింహాల్లా గర్జించాయి" అని మొదలుపెట్టావు. అవి కరెంటు కార్లమ్మా. గర్జించవు, సన్నగా కీచుమంటూ దూసుకుపోతాయి. పెట్రోలు కారులో ఇంజిన్ హోరు కింద అణిగిపోయే టైర్ల చప్పుడు ఇక్కడ బాగా వినిపిస్తుంది. ఆ తేడా చాలు, ఒక పేరా నిండా భయం పుట్టించడానికి. అంతకంటే పెద్ద చిక్కు నీ విలన్‌తో వచ్చింది. రాత్రిపూట గ్యారేజీలో దూరి వెనక చక్రం దగ్గర బ్రేకు గొట్టం కోశాడు. ఆ రేసులో పరుగెత్తిన జెన్3 (మూడో తరం) కార్లకు వెనక హైడ్రాలిక్ బ్రేకులే లేవు. మోటారే జనరేటర్‌గా మారి, కరెంటు తయారు చేస్తూ వెనక చక్రాల వేగాన్ని తగ్గిస్తుంది. అంటే పాపం, నీ విలన్ అసలు లేని గొట్టాన్ని కోశాడు! వాడి చేతికి కత్తి బదులు ల్యాప్‌టాప్ ఇచ్చి, మోటారు ప్రోగ్రాం చెడగొట్టించి చూడు.

ఇంకొకటి. "ఆదివారం పూట ఆరాధన మానేసి రేసేమిట్రా" అని హీరోతో వాళ్ళమ్మ గొడవపడే సీను నీ అధ్యాయాలన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది. ఆ సంభాషణ మన ఇళ్ళలోదే, ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు లేదు. కానీ హైదరాబాద్ రేసు జరిగింది శనివారం. ఆ గొడవ ఉండాలంటే కథని అమెరికాలో నాస్కార్ రేసులకు తీసుకెళ్ళడం మేలు. అక్కడ పెద్ద రేసులు చాలావరకు ఆదివారమే. డ్రైవర్లు, మెకానిక్‌లు, వాళ్ళ కుటుంబాలు ఏ వారమూ సొంత ఊరి చర్చికి వెళ్ళలేరని మోటార్ రేసింగ్ ఔట్‌రీచ్ అనే సంస్థ 1988 నుంచి ట్రాక్ దగ్గరికే ఆరాధనను తీసుకొచ్చింది. ఎరిక్ లిడెల్ 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్ ఆదివారం పడ్డాయని 100 మీటర్లు వదులుకుని, 400 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. మీ హీరో తల్లి ఆయన పేరు ఎత్తకుండా ఉంటుందా? కొడుకు ఏం జవాబు చెబుతాడో నాకు వినాలనుంది. తెలివైన జవాబు చెప్పించకు, నీళ్ళు నమలనివ్వు.

అసలు సంగతి బ్రేకులు ఫెయిలయ్యే సీను. హీరో కళ్ళు మూసుకుని ప్రార్థిస్తాడు (రేసులో కళ్ళు మూసుకోవడమా!), పెడల్ కింద బ్రేకు మళ్ళీ పడుతుంది, కారు గోడకు అడుగు దూరంలో ఆగుతుంది. కూటాల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు ఇది బాగానే ఉంటుంది. అక్కడ మనిషి బతికి మన ఎదురుగా నిలబడి ఉన్నాడు కదా. థ్రిల్లర్‌లో మాత్రం ప్రార్థన చేస్తే బ్రేకు పడుతుందని ఒకసారి పాఠకుడికి తెలిసిపోయిందా, మిగతా రెండొందల పేజీల్లో ఇక టెన్షన్ ఎక్కడిది? పైగా ప్రార్థన చేసినా బ్రేకు పడని వాళ్ళ ఇళ్ళలో కూడా నీ పుస్తకం చదువుతారు.

ఒక నిజం చెబుతాను, కల్పించమంటే ఎవరూ కల్పించలేరు. డారెల్ వాల్ట్రిప్ అని గొప్ప నాస్కార్ డ్రైవర్, భక్తిపరుడు. ఆయన భార్య స్టీవీ రేసుకు ముందు భర్త కారులో పెట్టడానికి ఒక వాక్యం రాసి ఇచ్చేది. అది చూసి డేల్ ఎర్న్‌హార్ట్ తనకూ కావాలన్నాడు. ఏడుసార్లు ఛాంపియన్, ట్రాక్ మీద ఎవరినీ లెక్కచేయని మనిషి. 2001 ఫిబ్రవరి 18, డేటోనా 500 అనే పెద్ద నాస్కార్ రేసు. ఆ రోజు స్టీవీ ఇచ్చిన వాక్యం సామెతలు 18:10. యెహోవా నామం బలమైన దుర్గమనీ, నీతిమంతుడు అందులోకి పరుగెత్తి సురక్షితంగా ఉంటాడనీ చెప్పే వచనం. చివరి ల్యాప్. ముందు పోతున్నది డారెల్ తమ్ముడు మైకేల్, ఎర్న్‌హార్ట్ సొంత టీమ్ కారులో. ఆయన వెనకే ఎర్న్‌హార్ట్ కొడుకు. మూడో స్థానంలో ఎర్న్‌హార్ట్. చివరి మలుపులో ఆయన కారు గోడను గుద్దింది. మైకేల్ 463వ రేసులో మొదటిసారి గెలిచాడు. కామెంటరీ బాక్సులో డారెల్ తమ్ముడి గెలుపుకు ఆనందంతో ఏడుస్తూ, మరుక్షణంలోనే "డేల్ బాగానే ఉన్నాడా" అని అడుగుతున్నాడు. డేల్ బాగా లేడు.

చూసేవాళ్ళకి అది అంత పెద్ద ప్రమాదంలా కనిపించలేదు. తలను పట్టి ఉంచేది ఏదీ లేదు, పుర్రె అడుగుభాగం పగిలింది. భుజాల మీద కూర్చుని హెల్మెట్‌ను పట్టి ఉంచే హాన్స్ అనే పరికరం అప్పటికే ఉంది. రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, ఆయన బావమరిది, రేసర్ కూడా అయిన జిమ్ డౌనింగ్ కలిసి తయారుచేశారు. ఎర్న్‌హార్ట్‌కు అదంటే గిట్టదు. ఆ ఏడాది అక్టోబరులో నాస్కార్ తల, మెడ కాపాడే పరికరాలను తప్పనిసరి చేసింది.

ఇందులో నీకు పనికొచ్చేది చావు కాదు. ఆ తర్వాతి ఆదివారం స్టీవీ బైబిలు ముందు కూర్చుని ఉంటుంది, ఇంకో వాక్యం రాసి ఇంకో డ్రైవర్‌కు ఇవ్వాలా వద్దా అని. ఇది నా ఊహ, ఆవిడ ఏం చేసిందో చెప్పడం లేదు. నవల అక్కడ మొదలవుతుంది. విశ్వాసం టైరుకు పట్టు ఇవ్వదు. ఆ మనిషి తర్వాత ఏం చేస్తాడో, ఎవరిని క్షమిస్తాడో, గెలిచే అవకాశం వదులుకుని ఎవరి కోసం ఆగుతాడో, అక్కడ చూపించు దాన్ని. దాన్ని టైరులో చూపించబోతే ఇంజినీరింగూ చెడుతుంది, భక్తీ చెడుతుంది.

నీ అధ్యాయాల్లో నువ్వు పట్టించుకోకుండా వదిలేసిన మనిషి ఒకడున్నాడు, స్పాటర్. నాస్కార్ డ్రైవర్‌కు తల పక్కకు తిప్పే వీలు దాదాపు ఉండదు, సీటు, పరికరాలు అడ్డు. పక్కన కారు ఉందో లేదో చూడలేడు. స్టాండ్స్ పైకప్పు మీద నిలబడిన స్పాటర్ రేడియోలో చెబుతుంటాడు: "లోపల ఉన్నాడు... ఇంకా ఉన్నాడు... తలుపు దగ్గర... క్లియర్." ఆ మాట నమ్మి గంటకు 300 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ తిప్పేయాలి. నీ హీరోకి, స్పాటర్‌కి రేసు ముందు రాత్రి మాటామాటా పెరిగిందనుకో. పొద్దున అదే గొంతు "క్లియర్" అంటుంది. తిప్పాలా, వద్దా? బ్రేకులు కోసే విలన్ అవసరమే ఉండదు. ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను, ఆ గొంతు దేవుని స్వరంలా ఉందని ఎక్కడా రాయకు. మన పాఠకులు వాక్యం తెలిసినవాళ్ళు, వాళ్ళే అందుకుంటారు.

బ్రేకుల అధ్యాయం తీసేసి, అమ్మతో గొడవ తర్వాత నేరుగా రేసుకు రా. హైదరాబాదా, డేటోనానా అన్నది తేల్చుకున్నాక నాకో మెసేజ్ పెట్టు. డేటోనా అయితే నా దగ్గరున్న రేసు పుస్తకాలు రెండు పంపుతాను, పెన్సిల్ గీతలు చెరపకుండా చదివి తిరిగి ఇవ్వాలి.

అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ఇట్లు,
అన్నయ్య