ముక్కు ముందు, కళ్ళు ఆఖరున

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ నాయనమ్మ చేతికర్ర మీద తాతయ్య మొహం చెక్కుతానన్నావట. చెక్కు. కానీ ఫొటోలో చూపించిన పొణికి కర్ర పక్కన పెట్టెయ్. కొండపల్లి బొమ్మలకి అది బంగారమే, మనిషి బరువు మాత్రం ఆపలేదు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర దొరుకుతుందేమో చూడు. నార సన్నగా ఉంటుంది, కత్తికి నున్నగా తెగుతుంది. పచ్చిదైతే రెండు చివర్లకీ మైనం పూసి నీడలో ఆరబెట్టు. ఒకటిన్నర అంగుళం మందమంటే ఏడాదికి పైనే పడుతుంది. ఎండలో పెట్టావో, నిలువునా పగులుతుంది.

పొడవు నాయనమ్మ మణికట్టు దాకా, రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి కొలువు. మొహం పిడికి బెత్తెడు కిందకి రానీ. పట్టుకునే చోట చెక్కితే అరచెయ్యి ఒరుసుకుపోతుంది.

శిల్పుల తాళమానంలో, అంటే విగ్రహాల కొలతల లెక్కలో, మొహం 12 అంగుళాలు: నుదురు 4, ముక్కు 4, అక్కణ్ణుంచి గడ్డం దాకా 4. స్కేలు మీద అంగుళం కాదురోయ్, అది భాగాల లెక్క! నీ కర్రకి స్కేలు మీద మూడు అంగుళాల మొహం చాలు. నుదురు, ముక్కు, గడ్డం ఒక్కోటీ ఒక అంగుళం.

అందరూ కళ్ళతోనే మొదలెడతారు. నేనూ అంతే. కళ్ళు ముద్దుగా వచ్చాక ముక్కు లేపుదామంటే అక్కడ కర్ర మిగల్లేదు. అందుకని నడిమధ్యన నిలువు గీత గీసి, ముందు ముక్కు కింద కత్తితో నిటారుగా నొక్కు. తర్వాత పెదవి వైపు నుంచి ఆ కోతలోకి ఏటవాలుగా కొయ్యి, పెచ్చు దానంతటదే ఊడుతుంది. కనుబొమల కిందా ఇలాగే. పావు అంగుళం లోతు దాటకు, కర్ర బలం పోతుంది. ఆపైన బుగ్గల్ని రెండు పక్కలకీ వాల్చు. ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికే కొయ్యాలి. ఎదురు కోస్తే కత్తి నారలో దిగబడి లోపలికి చీల్చుకుపోతుంది. నా రెండో కర్రకి ముక్కు అలాగే ఎగిరిపోయింది. ఆ చప్పిడి ముక్కాయన ఇప్పటికీ మా పెరటి తలుపు వెనకే ఉన్నాడు, కుక్కల్ని తోలడానికి.

ఎడమచెయ్యి ఎప్పుడూ కత్తి వెనకే ఉండాలి. మధ్యమధ్యలో సానరాయి మీద నూరుకో. మొద్దు కత్తిని బలంగా నెడతాం, అప్పుడే జారుతుంది.

తాతయ్య మీసాలు తేలికే, వంపు గీతలు నాలుగు చాలు. మొహానికి ఉప్పు కాగితం పెట్టకు, కత్తి గాట్లు పోతే కొట్లో కొన్న బొమ్మలా ఉంటుంది. అవిసె నూనె పల్చగా రెండుసార్లు పట్టించు. తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరనివ్వు. కింద రబ్బరు తొడుగు మర్చిపోకు.

కళ్ళు మొదలెట్టే ముందు నాకో ఫొటో పంపు. ఎదురుగా కాదు, పక్క నుంచి తియ్యి. ముక్కు సరిగ్గా లేచిందో లేదో అందులోనే తెలుస్తుంది.

పెదనాన్న