మార్వాడీ గుర్రానికి మెత్త కళ్లెం కొనే ముందు చెవుల వెనక చూడండి

మీ మార్వాడీ గుర్రం కళ్లెం వేయబోతే తల పైకెత్తేస్తోందని, చెవుల దగ్గర చెయ్యి పెట్టనివ్వడం లేదని, మెత్త బాగా ఉన్న కళ్లెం కొంటే సరిపోతుందా అని అడిగారు. మెత్త ఒక్కదాంతో సరిపోదు. కొలత తప్పిన కళ్లేనికి మెత్త వేస్తే ఇంకా బిగుస్తుంది.

మార్వాడీ చెవులు లోపలికి వంగి, కొసలు దాదాపు కలుస్తాయి కదా. అందరూ ఆ కొసలకే జాగ్రత్త పడతారు. నొప్పి పుట్టేది మాత్రం చెవి మొదట్లో. బ్రౌబ్యాండ్ (నుదుటి పట్టీ) పొట్టిదైతే హెడ్‌పీస్‌ని (చెవుల వెనక నెత్తి మీదుగా పోయే పట్టీని) ముందుకు లాగేస్తుంది. దాని అంచు చెవి వెనక మెత్తటి ఎముక మీదికి ఎక్కి, గుర్రం దవడ ఆడించిన ప్రతిసారీ అక్కడే ఒరుసుకుంటుంది. మీ పాత కళ్లేన్ని తిరగేసి చూడండి. హెడ్‌పీస్ కింద నోస్‌బ్యాండ్‌ని (ముక్కు చుట్టూ బిగించే పట్టీని) నెత్తి మీదుగా పట్టి ఉంచే పట్టీ విడిగా పోతోందా? అయితే పైన ఎంత మెత్త ఉన్నా చర్మానికి తగిలేది ఆ సన్నటి పట్టీయే. గుర్రం నడినెత్తిన, జూలు మొదలయ్యేచోట వెంట్రుకలు తెగి ఉన్నా, తెల్లబడి ఉన్నా కారణం చాలావరకు అదే. నోస్‌బ్యాండ్ పట్టీ హెడ్‌పీస్ పైనుంచి పోయేలా కుట్టినది, చెవుల దగ్గర వంపుగా కోసినది తీసుకోండి.

కొలతలకు దర్జీ టేపు చాలు. ఒక నోటి మూల నుంచి నెత్తి మీదుగా రెండో మూల దాకా ఒకటి, ఒక చెవి వెనక నుంచి నుదుటి మీదుగా రెండో చెవి వెనక దాకా ఒకటి, నోస్‌బ్యాండ్ కూర్చునే చోట ముక్కు చుట్టూ ఒకటి. బ్రౌబ్యాండ్ సాధారణంగా కాబ్ (మధ్యరకం) సైజులో 15 అంగుళాలు, ఫుల్ (పెద్ద) సైజులో 16 ఉంటుంది. మార్వాడీ ముఖం సన్నం, నుదురు వెడల్పు. అందుకే చెంప పట్టీలు కాబ్, బ్రౌబ్యాండ్ ఫుల్ కావలసి రావచ్చు. విడి భాగాలు మార్చి ఇచ్చే దుకాణంలోనే కొనండి. మెత్త మందం కూడా లోపలి చోటు తింటుంది, అది లెక్కలో పెట్టుకోండి.

మెత్తని బొటనవేలితో నొక్కి వదలండి. వెంటనే పైకి లేవాలి. నొక్కు అలాగే నిలిచిపోయే ఫోమ్ నెలలో అట్టలా అయిపోతుంది. రెక్సిన్ తొడుగు వద్దు, మన ఎండల్లో చెమట పట్టి పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళే చర్మాన్ని గీరుతాయి. మెత్త ఆగిపోయే చోట కుట్టు గట్టులా తగలకూడదు.

వేశాక బ్రౌబ్యాండ్ కింద ఒక వేలు సాఫీగా జారాలి. గొంతు పట్టీలో నాలుగు వేళ్ళు నిలువుగా పట్టాలి. నోస్‌బ్యాండ్ చెంప ఎముక గట్టుకి రెండు వేళ్ళు కింద ఉండాలి, బిగువుని ముక్కు ఎముక మీదే చూడాలి, అక్కడ రెండు వేళ్ళు దూరాలి. పక్కన చెంప మీద వేళ్ళు పెట్టి చూసి 'వదులుగానే ఉంది' అనేవాళ్ళు ఎక్కువ. అక్కడ కండ లొంగుతుంది కాబట్టి ఎంత బిగించినా వేళ్ళు దూరిపోతాయి. ఈ గొడవ ఎంత పెద్దదంటే, అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య 2025లో పోటీల కోసం నోస్‌బ్యాండ్ బిగువు కొలిచే పరికరాన్నే తెచ్చింది. ఇక బిట్ (నోట్లో పెట్టే లోహపు కడ్డీ) రెండు కొసల్లోనూ కదిలే రింగులుండే లూజ్ రింగ్ రకం అయితే నోటికి ఇటూ అటూ సుమారు 5 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. పెళ్ళి ఊరేగింపు గుర్రాలకి పూసలు, జరీ, మెత్తటి వెల్వెట్ కట్టి, నోట్లో మాత్రం ముళ్ళ బిట్ పెడతారు. ముళ్ళ బిట్‌ని 1965 నాటి జంతుహింస నిరోధక నిబంధనలే నిషేధించాయి. నోరు చీలుతుంటే నుదుటి మీద వెల్వెట్ దేనికి? మీ గుర్రాన్ని అలాంటి చోట నుంచి తెచ్చుకుని ఉంటే, కళ్లెం కంటే ముందు పశువైద్యుడితో నోరు, పళ్ళు చూపించండి. తల ఎత్తేయడానికి అది కూడా కారణం కావచ్చు.

కొత్త కళ్లెంతో మొదటిసారి 20 నిమిషాలే నడిపించి తీసేయండి. చెవుల వెనక, చెంప ఎముక కింద వేలితో తడమండి. కొత్త తోలు సాగుతుంది కాబట్టి నాలుగైదు స్వారీలయ్యాక రంధ్రాలు మళ్ళీ సరిచూడండి. వెంట్రుకల్లో గాడి ఒక పక్కే పడితే ముందు రెండు చెంప పట్టీలూ ఒకే రంధ్రంలో ఉన్నాయో లేదో చూడండి.