అమ్మ చేతిలో పెట్టిన రూపాయలు

కావలి నుంచి ఒక సోదరి రాశారు. ఆమె వయసు 46, వృత్తి ఉపాధ్యాయురాలు, పుట్టిల్లు కందుకూరు దగ్గర పల్లె. తండ్రి చాలా కాలం క్రితమే పోయారు. 1945లో పుట్టిన తల్లి నిరుడు కన్నుమూశారు. పోవడానికి పది రోజుల ముందు ఒక రాత్రి ఆమె తలగడ కింద నుంచి గుడ్డమూట తీసి, "ఇవి నీ దగ్గర పెట్టుకోమ్మా" అని కూతురి చేతిలో పెట్టారు. అందులో 48 నాణేలున్నాయి: విక్టోరియా రాణి రూపాయలు 11, ఎడ్వర్డు రూపాయలు 9, ఐదో జార్జి రూపాయలు 17, 1940 తరువాతి ఆరో జార్జి రూపాయలు 6, పులిబొమ్మ ఉన్న 1947 నాటి రూపాయలు 2, చిల్లుకాణీలు 3. తల్లి పెళ్లినాడు ఆమె పుట్టింటివారు ఒడిలో పోసిన నాణేలవి. మూట తలగడ కిందికి చేరేదాకా అవి ఈ సోదరి పుట్టింటి పూజగది పెట్టెలోనే ఉండేవి. మూట తన దగ్గరున్న సంగతి ఈ సోదరి ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల తరువాత వరలక్ష్మీవ్రతం నాడు వదినగారు పెట్టె తెరిచి, నాణేలు కనిపించక ఇల్లంతా వెదికి, పనిచేసే మనిషిని కూడా నిలదీసిన తరువాత గానీ విషయం బయటపడలేదు. ప్రభుత్వానికి తెలిస్తే పట్టుకుపోతారు కాబట్టి కరిగించి ముగ్గురికీ మూడు జతల కుందులు చేయిద్దామని పొగాకు సాగు చేసే అన్నయ్య అంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు సంవత్సరీకానికి వచ్చినప్పుడు తన పిల్లల కోసం పది రాణి రూపాయలు తీసుకువెళతానంటున్నాడు. పాత నాణేలకు లక్షలిస్తామన్న వీడియో చూసిన భర్త, ఫోటోలు ఎవరికో పంపారు. "అమ్మ నాకే ఇచ్చిందా, దాచమని ఇచ్చిందా? తిరిగి ఇస్తే అమ్మ మాట కాదన్నట్టా? ఉంచుకుంటే నాకు పుట్టిల్లు లేనట్టా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ అమ్మగారు అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఏడాదిగా మీరు కూడా ఆ మాట దగ్గరే ఆగిపోయారు. "నీ దగ్గర పెట్టుకో" అని మన ఇళ్లలో ఒక వస్తువును ఇచ్చేసేటప్పుడూ అంటారు, జాగ్రత్త చేయమని అప్పగించేటప్పుడూ అంటారు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన మనిషి, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో తెలియని స్థితిలో, తనకు నమ్మకమున్న చేతిలో మూట పెట్టింది; ఆ నమ్మకం ఒక్కటే మనకు నిశ్చయంగా తెలుసు. అవి మీకు సొంతంగా ఇచ్చిందని మీరు ఒట్టు వేసి చెప్పలేరు, ఇవ్వలేదని మీ అన్నయ్య కూడా చెప్పలేరు. కాబట్టి ఆ మాటకు ఒకే అర్థం తేల్చి దాని మీద నిర్ణయం నిలబెట్టాలన్న ప్రయత్నం మానుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పెళ్లిలో పుట్టింటివారు పెట్టినవి మీ అమ్మగారి సొంత ఆస్తి, అంటే స్త్రీధనం. ఆమె ఎవరికీ ఇవ్వకుండా, వీలునామా రాయకుండా పోయినట్లయితే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, మీ నాన్నగారు కూడా లేరు కనుక, ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తాయి. ఆడపిల్ల అనే కారణంతో మీ భాగం వీసమెత్తు కూడా తగ్గదు. చరాస్తిని దానంగా ఇవ్వడానికి మాత్రం కాగితం అక్కరలేదు, ఇచ్చే ఉద్దేశంతో చేతిలో పెట్టినా చాలు. అందుచేత అవన్నీ మీవేనని వాదించే దారి కూడా మీకు ఉంది. కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడానికి మీ మాట తప్ప మరో సాక్ష్యం లేదు, ఆ వాదనలో నెగ్గినా పుట్టింటి గడపకు మీరు దూరమవుతారు. మీ ఉత్తరమంతా చదివాక మీకు కావలసింది ఆ గెలుపు కాదని నాకు అనిపించింది.

మీరు అడగని ఒక విషయం మీద ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడాలి. నాణేలు తీసుకోవడంలో మీ తప్పేమీ లేదు; అమ్మ ఇచ్చినదాన్ని తీసుకున్నారు. మూడు నెలలు చెప్పకపోవడం తప్పు. దుఃఖంలో ఉన్నారు, పంపకాల మాట ఎత్తడానికి మనసు రాలేదు, అమ్మ తాకిన చివరి వస్తువు మీద ఇతరుల చేయి పడకూడదనుకున్నారు. ఇవన్నీ నాకు అర్థమవుతాయి. అయినా ఆ మౌనం వల్ల ఏ పాపమూ ఎరుగని ఒక పనిమనిషి దొంగతనం నింద మోసింది. మీ వదినగారు తన ఇంట్లో తానే సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితికి వచ్చారు. ఈ ఏడాది మీ ఇంట్లో పేరుకున్న కోపంలో ఎక్కువ పాలు దీనిదే అని నా అభిప్రాయం.

వదినగారి గురించి మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఆమెకు వీటిలో ఏ హక్కూ లేదు, అయినా ఆమే అందరికంటే ఎక్కువ బాధపడుతోంది." చట్టం దృష్టిలో మీ మాట నిజమే, కోడలికి అత్తగారి స్త్రీధనంలో భాగం రాదు. అయితే 22 ఏళ్లుగా ప్రతి శ్రావణమాసంలోనూ, ప్రతి దీపావళికీ ఆ రూపాయలను చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, లెక్క చూసి తిరిగి మూటగట్టింది ఆమే అని మరో చోట మీరే రాశారు. ఆమె అడుగుతున్నది వెండి కాదు. తనను నమ్మి అప్పగించిన వస్తువు తనకు చెప్పకుండా గడప దాటింది, ఆమె బాధ అదే. (తోమడం గురించి ఒక మాట: చింతపండు, విభూతి, ముగ్గుపిండి పెట్టి రుద్దితే నాణెం మీది గీతలు అరిగిపోతాయి, సేకరించేవారు అటువంటివాటికి తక్కువ ధర కడతారు. ఇక మీదట పొడిగుడ్డతో మెల్లగా అద్దితే చాలు. ఈ సంగతిని వదినగారికి తప్పు పట్టినట్టు మాత్రం ఎప్పుడూ చెప్పకండి.)

అన్నయ్య గారి కుందుల ఆలోచన వెనక న్యాయబుద్ధి ఉంది, భయమూ ఉంది. భయానికి ఆధారం లేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నేలలోనో, నేలకు అంటి ఉన్న కట్టడంలోనో దాగి ఉండి దొరికిన సొమ్ముకు సంబంధించినది. తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి వచ్చినవాటికి అది వర్తించదు. నూరేళ్లు దాటిన నాణేలను 1972 పురావస్తువుల చట్టం పురావస్తువులుగా లెక్కిస్తుంది కానీ, వాటిని ఇంట్లో ఉంచుకోవద్దని చెప్పదు. ఇక కరిగించడం గురించి. 1940కి ముందటి ఆ 37 రూపాయల్లో ఒక్కొక్కటి 11.66 గ్రాములు తూగుతుంది, అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. "రూపాయి ఎత్తు" అని మన పెద్దవాళ్లు తులానికి మారుపేరుగా వాడిన మాట ఈ తూకం నుంచే వచ్చింది. 1940 తరువాతి ఆరింటిలో వెండి సగమే. పులిబొమ్మ రూపాయలు నికెల్‌వి, కాణీలు కంచువి, వీటిలో వెండి అసలు లేదు. అన్నీ కలిపి కరిగించినా, తరుగు పోకపోయినా, మీకు చేతికి వచ్చే మేలిమి వెండి నాలుగు వందల పైచిలుకు గ్రాములు, మనిషికి నూట నలభై గ్రాముల చొప్పున. ఆ మాత్రం వెండి ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. మీ అమ్మమ్మ ఎంచి ఒడిలో పోసిన రూపాయి మళ్లీ దొరకదు.

మన నెల్లూరు దగ్గరే 1780లలో పొలం దున్నుతున్న ఒక రైతుకు రోమను చక్రవర్తుల బంగారు నాణేలున్న చిన్న కుండ దొరికింది. ట్రాజన్, హాడ్రియన్ కాలాల నాటివి, పదహారు వందల ఏళ్లు దాటినవి. అతడు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు, చాలావరకు కరిగిపోయాయి, మిగిలినవి కొన్నే. అతనికి వాటి సంగతి తెలియదు. మీ ఇంట్లో అందరికీ తెలుసు కదా. పంపకం నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, కరిగించినదాన్ని మార్చుకోలేరు; అందుకే అన్నయ్య ప్రతిపాదనను ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీ భర్త ఫోటోలు పంపిన వ్యక్తి 'నమోదు రుసుము' కింద ముందుగా డబ్బు కట్టమన్నాడని రాశారు. కట్టవద్దు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుములు, పన్నులు వసూలు చేసే మోసాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అటువంటి వ్యాపారంతో తమకు సంబంధం లేదని స్పష్టం చేసింది. ఒకవేళ ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయమనండి. మీ దగ్గరున్నవి లక్షలాదిగా ముద్రించి చలామణీ చేసిన మామూలు రూపాయలు, చింతపండుతో అరిగినవి. వాటికి వెండి ధర మీద కొంత పైకం రావచ్చు, ఇల్లు కట్టుకునేంత రాదు. ఈ మాట మీ వారికి సున్నితంగా చెప్పండి, కానీ మీ అమ్మగారి వస్తువు గురించి మిమ్మల్ని అడగకుండా ఎవరికీ ఫోటోలు పంపవద్దని స్పష్టంగా కూడా చెప్పండి.

తమ్ముడు అడిగిన రాణి రూపాయలు దేశం దాటడానికి వీల్లేదు. నూరేళ్లు దాటిన నాణేన్ని విదేశానికి తీసుకుపోవడం 1972 చట్టం ప్రకారం నేరం. మీ మూటలోని 37 రూపాయలూ 1922 లేదా అంతకు ముందటి ముద్రలే అయ్యుండాలి, ఒకసారి సంవత్సరాలు చూడండి. 1940 తరువాతివాటికి ఈ అడ్డు లేదు. అందుచేత ఆరో జార్జి రూపాయలు ఆరింటినీ ముగ్గురూ రెండేసి చొప్పున, చిల్లుకాణీలు తలా ఒకటి తీసుకుంటే బాగుంటుందని నా సలహా. 1945 ముద్ర ఉన్న రూపాయి వాటిలో దొరికితే, అది మీ అమ్మగారు పుట్టిన ఏడాది కనుక, దూరాన ఉండే తమ్ముడికి ఇవ్వండి.

మిగిలిన 37 వెండి రూపాయలనూ, రెండు పులిబొమ్మ రూపాయలనూ విడదీయవద్దంటాను. సంవత్సరీకానికి ముందురోజు మూటను మీరే పుట్టింటికి తీసుకువెళ్లి, అందరి ముందూ విప్పి, ఒక్కొక్క నాణెం సంవత్సరం, బొమ్మ ఒక నోటు పుస్తకంలో రాసి, రెండు వైపులా ఫోటోలు తీసి, ముగ్గురూ సంతకాలు చేయండి. వాటి మీద ముగ్గురికీ సమాన హక్కు ఉందనీ, ముగ్గురూ ఒప్పుకోకుండా అమ్మడం గానీ కరిగించడం గానీ ఉండదనీ అందులోనే రాసుకోండి. తరువాత మూటను మళ్లీ అదే పెట్టెలో, వదినగారి చేతుల మీదుగా పెట్టించండి. ఇలా చేస్తే అమ్మ మాట కాదన్నట్టు అవుతుందా అని అడిగారు. ఆమె జాగ్రత్త చేయమని ఇచ్చి ఉంటే మీరు చేసింది అదే. మీకే ఇచ్చి ఉంటే, మీదైనదాన్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించే అధికారం కూడా మీకే ఇచ్చింది. అయితే ఇదంతా మీ మనసు ఒప్పుకుంటేనే. అందులో ఒక్క రాణి రూపాయి మీ దగ్గరే ఉండాలని అనిపిస్తే, ఆ మాట సిగ్గుపడకుండా అందరి ముందూ అడగండి, చాటుగా మాత్రం ఉంచుకోకండి.

వెళ్లేముందు ఫోను అన్నయ్యకు కాకుండా వదినగారికి చేయండి. నాణేల ఊసు ఎత్తకుండా, "వదినా, ఆ రోజే నీకు చెప్పి ఉండవలసింది, చెప్పలేదు, తప్పు నాది" అని ఆ ఒక్క మాటతో ఆగండి. ఆమె కోపంగా మాట్లాడినా అడ్డు చెప్పకుండా వినండి. ఊరికి వెళ్లాక, మూట విప్పకముందే, మీ వల్ల నింద పడ్డ ఆ పనిమనిషిని కూర్చోబెట్టి, మీ అన్నయ్య, వదిన వింటుండగా ఆమెకు కూడా క్షమాపణ చెప్పండి.