రబీలో వేసిన పల్లపు వరి ఈనకపోతే విత్తనం నకిలీదేనా?

గుణుపూర్ దగ్గర సంక్రాంతికి నారు పోసిన పల్లపు వరి మే వచ్చినా ఈనలేదని, దుకాణంవాళ్లు నకిలీ విత్తనం అంటగట్టారేమోనని అడిగారు. తగవుకు వెళ్లే ముందు నా సంగతి వినండి.

మాది పర్లాకిమిడి పక్క ఊరు. కొత్తగా బోరు పడిన సంబరంలో, ఖరీఫ్‌లో బాగా పండిన పల్లపు ధాన్యాన్నే దాచి జనవరిలో నారు పోశాను. 'అది దసరా చూడందే ఈనదురా' అని నాన్నగారు చెబుతూనే ఉన్నారు. మే నాటికి చేను కన్నులపండువగా ఉంది, అంతా ఆకే. విత్తనం నాదే కాబట్టి తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఒక దుబ్బు పీకి, పెద్ద పిలకను మొదలు నుంచి బ్లేడుతో నిలువునా చీల్చండి. పై కణుపు మీద మిల్లీమీటరంత తెల్లని నూగు మొన కనిపిస్తే అంకురం పడినట్టే, సుమారు నెలకు ఈనుతుంది. నాకు ఒకదానిలో ఒకటి చుట్టుకున్న లేతాకులే కనిపించాయి.

ఇలాంటి పల్లపు రకాలు పగలు పొట్టిగా ఉంటేనే ఈనుతాయి. కానీ వరికీ బాల్యం ఉంది. అది తీరేదాకా పగలు ఎంత పొట్టిగా ఉన్నా మొక్కకు పట్టదు. జనవరిలో మన దగ్గర పగలు 11 గంటల పైచిలుకే కానీ అప్పటికి మొక్క పసిది. దానికి ఈడు వచ్చేసరికి మార్చి వెళ్లిపోయి, పగలు 12 గంటలు దాటేస్తుంది. పొట్టి పగళ్లలో హెచ్‌డీ1 అనే జన్యువు హెచ్‌డీ3ఏ అనే పూత జన్యువును మేల్కొలుపుతుంది. పొడుగు పగళ్లలో అదే హెచ్‌డీ1 అడ్డం తిరుగుతుంది, జీహెచ్‌డీ7 అనే మరో జన్యువు దానికి తోడవుతుంది. హెచ్‌డీ3ఏ ప్రోటీను ఆకులో పుట్టి మొవ్వుకు చేరితేనే ఆకులు వేసే మొన వెన్నుకు మళ్లుతుంది. శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వెతికిన పూత సంకేతం వరిలో ఇదేనని 2007లో తేలింది.

ఎం.టి.యు. 1010 వంటి రకాలకు ఈ పగటి పట్టింపు లేదు. 120 రోజులకు కాస్త అటూ ఇటూగా కోతకు వస్తాయి, రబీకి అవే వేయండి. ఇప్పుడున్న చేనుకు మాత్రం ఇక యూరియా చల్లకండి, నేను రెండు బస్తాలు తగలేశాను. పశువులకు కోసి వేయడమే మేలు.

బోరు గట్టున రెండు దుబ్బులు కోయకుండా వదిలాను. జూలైలో నాటిన అదే రకమూ అవీ అక్టోబరులో ఒకే వారంలో ఈనాయి. పండాక ఆ వెన్నులను నాన్నగారు కుచ్చు కట్టి, పిచ్చుకలకని చూరుకు వేలాడదీశారు.