ఆటస్థలం మూలలో పాత బ్యాటరీల షెడ్డు: తవ్వకముందే తెలుసుకోవలసినవి

కడపలో మీ కాలనీ ఆటస్థలాన్ని బాగుచేయడానికి డబ్బు కూడిందని, ఒక మూలలో మునుపు లారీ బ్యాటరీలు విప్పే షెడ్డు ఉండేదని రాశారు. జేసీబీ పెట్టి పైమట్టి అంతా ఎత్తిపోయిస్తే పిల్లలకు భయం ఉండదు కదా అని అడిగారు. అలాంటి చోట మట్టిలో బ్యాటరీల సీసం (లెడ్ అనే విష లోహం) కలిసి ఉండొచ్చు. దయచేసి జేసీబీని ఇప్పుడే పిలవకండి. అనంతపురంలో మా కాలనీ సరిగ్గా ఇదే పని మీద రెండేళ్లు తిరిగింది. మేము చేసిన తప్పులు మీరు చేయకూడదనే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా చిన్నవాడికి అప్పుడు మూడేళ్లు. మట్టి తినేవాడు. గోడ పెళ్లలు, చెప్పుకు అంటిన మన్ను, ఏది దొరికితే అది నోట్లోకి పోయేది. పాలిపోయి ఉన్నాడని పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఆవిడ ఐరన్ మందు రాసి, "ఎక్కడి మట్టి తింటున్నాడమ్మా?" అని అడిగారు. నేను ఆటస్థలం పేరు చెప్పాను. అది ఎలాంటి చోటో కనుక్కోమన్నారు. ఐరన్ తక్కువైన పిల్లలకు మట్టి మీదికి మనసు పోతుంది. అలాంటి పిల్లల ఒంట్లోకే సీసం మరింత సులువుగా ఎక్కుతుంది. అసలే చిన్నపిల్లల పేగులు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి.

కనుక్కోవడానికి ఎక్కడికో పోనక్కర లేకపోయింది. మా వీధి చివర ఇంట్లో లారీ నడిపి మానేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆటస్థలం ఈశాన్య మూలలో రేకుల షెడ్డు ఉండేదని, పాత బ్యాటరీలు పగలగొట్టి, ఆసిడ్ నేలమీదే పారబోసి, సీసం పలకలను ఇనుప మూకుడులో కరిగించేవారని చెప్పారు. "అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదమ్మా" అన్నారు. మీరూ కాగితాల కంటే ముందు ఇలాంటివారిని పట్టుకోండి. ఏ మూల, ఎన్నేళ్లు, ఏం కాల్చారు, బూడిద ఎక్కడ పోశారు, అన్నీ రాసుకుని ఒక పటం గీయండి. పాత ఉయ్యాలలూ జారుడుబల్లలూ ఉన్న చోట్లను కూడా అందులో గుర్తు పెట్టండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఇనుప సామానుకు పూసిన పసుపు, ఎరుపు రంగులు పెచ్చులుగా రాలి అక్కడి మట్టిలోనే కలిసి ఉంటాయి.

మా మొదటి తప్పు పరీక్ష దగ్గరే జరిగింది. రైతులు పొలం మట్టి ఇచ్చే చోటే మేమూ ఒక సంచి మట్టి ఇచ్చాం. ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ వివరాలతో కార్డు వచ్చింది. భూమి బాగుందని అందరూ సంతోషించారు. ఆ కార్డులో సీసం అనే మాటే లేదని రాత్రి రెండోసారి చదువుతుంటే నాకు తట్టింది. అది పంటకు చేసే పరీక్ష, పిల్లల కోసం చేసేది కాదు. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలను వెతికి, "కిలో మట్టిలో మొత్తం సీసం ఎన్ని మిల్లీగ్రాములు" అని నోటితో కాదు, కాగితం మీద రాసి అడగండి. బ్యాటరీల షెడ్డు కాబట్టి ఆర్సెనిక్, కాడ్మియం అనే విషపదార్థాలను కూడా చేర్చండి.

మట్టి తీయడంలోనూ పద్ధతి ఉంది. స్థలమంతటి మట్టినీ ఒకే సంచిలో కలిపితే విషం ఉన్న మూల మంచి మట్టిలో కలిసి కనిపించకుండా పోతుంది. మేము స్థలాన్ని ఆరు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కలో పది చోట్ల పై అంగుళం మట్టి మాత్రమే స్టీలు గరిటెతో తీసి, కలిపి, ఒక కవరులో వేసి పేరు రాశాం. పిల్లల చేతికి అంటేది ఆ పై అంగుళమే. షెడ్డు మూలలో మాత్రం అర అడుగు, అడుగు, అడుగున్నర లోతుల్లో విడివిడిగా తీశాం.

ఫలితం వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నాలుగు ముక్కల్లో సీసం కిలో మట్టికి వంద మిల్లీగ్రాముల లోపే ఉంది. ఉయ్యాలల కింద 260. షెడ్డు మూలలో 2,900. అమెరికా పర్యావరణ సంస్థ పిల్లలు ఆడే వట్టి నేలకు 2001లో 400ను హద్దుగా పెట్టింది. నివాస స్థలాల మట్టిని అనుమానించి చూడవలసిన అంకెను 2024 జనవరిలో 200కు దించింది. అడుగున్నర లోతులో మా మూల కూడా వందకు దిగువకు వచ్చింది. సీసం నీటితో పాటు లోతుకు దిగిపోయే రకం కాదు. కుళ్లిపోదు, ఆవిరి కాదు, పడిన చోటే పైపొరలో దశాబ్దాల పాటు కూర్చుంటుంది.

అందుకే తవ్వవద్దంటున్నాను. కూర్చున్నదాన్ని కదిలిస్తేనే అది ఊరు తిరుగుతుంది. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో అనంతపురం వాళ్లకు చెప్పనక్కర లేదు, కడపకూ అది తెలియనిది కాదు. ఆ గాలిలో ఎండిన మట్టిని జేసీబీతో ఎత్తితే చుట్టూ ఉన్న ప్రతి ఇంటి గడపలోకీ, మంచాల మీదికీ, బియ్యం చాటలోకీ పోతుంది. పైగా ఎత్తిన మట్టి ఎక్కడ పోస్తారు? మేము మాట్లాడిన ట్రాక్టరు అతన్ని ఇదే అడిగాను. కొత్త లేఅవుట్లో పునాదులు నింపుకునేవాళ్లు ఎప్పుడూ అడుగుతుంటారని చెప్పాడు. అతని తప్పేమీ లేదు, అతనికి అది మట్టే. కానీ మన పిల్లల కింద నుంచి తీసి ఇంకెవరి పిల్లల కిందో పరచడానికి నా మనసు ఒప్పుకోలేదు.

అనుమానం ఉన్న స్థలం గురించి కార్పొరేషనుకూ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ పరీక్షా ఫలితం జతచేసి అర్జీ ఇవ్వండి. మేము పని చేసినప్పుడు లేని ఆధారం మీకు ఒకటుంది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేకంగా నియమాలు నోటిఫై చేసింది. వాటిని అర్జీలో ప్రస్తావించండి.

ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రంగా మాకు చెప్పినది అనకాపల్లి జిల్లా పరవాడలో ఉంది. అంత దూరం లారీలు పంపాలంటే స్థలమంతా తవ్వడం కుదిరే పని కాదు. కాబట్టి షెడ్డు మూలలో అత్యంత చెడ్డగా ఉన్న అడుగు మందం మట్టిని మాత్రం అనుమతితో తీయించి పంపి, ఉయ్యాలల కింది భాగాన్ని కప్పేశాం. పొద్దుతిరుగుడు వేస్తే సీసాన్ని లాగేస్తుందని మాలో కొందరన్నారు. సీసం చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఏళ్లు పడుతుంది. పిల్లలు అన్నేళ్లు ఆగరు.

తీసే పనిని వేసవి సెలవుల్లో పెట్టుకోవాలని అందరూ అన్నారు. నేను పట్టుబట్టి సంక్రాంతి సెలవులయ్యాక పెట్టించాను. అప్పుడు గాలి నెమ్మదిగా ఉంటుంది, పగలు పిల్లలు బడిలో ఉంటారు. చుట్టూ గ్రీన్ నెట్ కట్టించాం. మట్టిని ముందురోజు సాయంత్రమే తడిపి, తవ్వుతున్నంతసేపూ బురద కాకుండా చల్లుతూనే ఉన్నాం. కూలివాళ్లకు ఎన్95 మాస్కులు, గ్లవ్స్, బూట్లు ఇచ్చాం. లోపల టీ, బీడీ వద్దని, బయటికొచ్చి సబ్బుతో చేతులు, ముఖం కడుక్కున్నాకే తినాలని చెప్పాం. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే మార్చుకునే ఏర్పాటు చేయండి. వాళ్ల ఇళ్లలోనూ పాకే పిల్లలుంటారు.

కప్పడం అంటే నాలుగు ట్రాక్టర్ల మట్టి పోసి చదును చేయడం కాదు. పాత మట్టి మీద మొదట జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే గట్టి సింథటిక్ గుడ్డ), దానిమీద కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు వల పరచాలి. ఎవరైనా ఎప్పుడైనా తవ్వితే ఆ వల చూసి ఆగాలి. ఆ పైన కనీసం అడుగు మందం మంచి మట్టి. మొక్కల పాదులు వేసే చోట రెండడుగులు. తెచ్చే ఎర్రమట్టినీ పరీక్ష చేయించాకే దించుకోండి. కూల్చిన ఇళ్ల మట్టి అసలే వద్దు. బెంచీల చుట్టూ మేము తాడిపత్రి నాపరాళ్లు పరిపించాం, మీకు కడప బండలు ఇంటి ముందే దొరుకుతాయి. ఉన్న చెట్ల మొదళ్లను అడుగు మట్టితో పూడ్చితే వేళ్లకు ఊపిరి ఆడదు. మా కానుగ చెట్టు చుట్టూ రాళ్ల వరస పెట్టి, లోపల వల మీద కంకర పోసి వదిలేశాం.

ఇక మా పెద్ద తప్పు. కప్పడం పూర్తయిన నెలకు కొత్త ఉయ్యాలలు బిగించడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. స్తంభాలకు రెండడుగుల గుంటలు కావాలి. నేను సాయంత్రం పని నుంచి వచ్చేసరికి మూడు గుంటలు తవ్వేశారు. కొత్త ఎర్రమట్టి మీద బూడిద రంగు పాత మట్టి కుప్పలుగా ఉంది. అందులో గోరంత నల్లటి ముక్కలు మెరుస్తున్నాయి. అవి బ్యాటరీ పెట్టె పెంకులు. వల దారాలు తెగి గుంట అంచుల నుంచి వేలాడుతున్నాయి. పక్కింటి పాప ఆ కుప్ప మీద కూర్చుని ఆ నల్ల ముక్కలు ఏరుతోంది. పరుగెత్తి ఎత్తుకుని, మా ఇంటి కుళాయి కింద చేతులు తోమి తోమి కడిగాను. ఆ గుంటల మట్టిని మళ్లీ తడిపి, సంచుల్లో కట్టించి, చుట్టూ రెండు గజాలు పైమట్టి మార్పించవలసి వచ్చింది. మీరు మాత్రం స్తంభాల గుంటలు, కాలువ, కుళాయి పైపు, దీపాల తీగలు, అన్నీ కప్పకముందే పూర్తి చేయించండి. ఎన్ని స్తంభాలు, ఎంత లోతు అని కాంట్రాక్టరు చేత ముందే పటం మీద గీయించుకోండి.

ఉయ్యాలల కింద మేము రబ్బరు పలకలు అనుకున్నాం. నమూనా పలకను ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో పెట్టి అరచేయి ఆనిస్తే క్షణం నిలవలేదు. కడిగిన ఇసుక పోయించాం. ఇసుక తొమ్మిది అంగుళాల మందం ఉంటే సుమారు నాలుగడుగుల ఎత్తు నుంచి పడ్డ పిల్లలను కాపాడుతుంది. అందుకే ఎత్తైన ఆటవస్తువులు తీసుకోలేదు.

ఇవన్నీ కావడానికి మీకు నెలలు పడుతుంది. ఆలోగా ఈ వారమే ఆ మూల చుట్టూ కంచె కట్టించండి. గేటు దగ్గర కుళాయి, సబ్బు పెట్టించండి. చెప్పులు గడప బయట విడిపించండి, ఇంట్లో పొడి చీపురుకు బదులు తడిగుడ్డ వాడమనండి. అక్కడ రోజూ ఆడిన ఆరేళ్ల లోపు పిల్లలకు డాక్టరును అడిగి సీసానికి రక్తపరీక్ష చేయించండి, అది నరం నుంచి తీసిన రక్తంతోనే. మావాడికి డెసిలీటరు (వంద మిల్లీలీటర్లు) రక్తానికి 9 మైక్రోగ్రాములు వచ్చింది. అమెరికాలో 2021 నుంచి 3.5 చేరితే చాలు, పట్టించుకుంటున్నారు, అసలు ఇంత ఉన్నా ఫరవాలేదనే అంకె లేదు. వాడికి ఇచ్చిన వైద్యం ఐరన్ మందు, రాగిజావ, పాలు, ఆకుకూరలు, ఆ మట్టికి దూరం. ఏడాదికి 4కు దిగింది.

ఆటస్థలం గోడ మీద స్థలం పటం గీయించి, వల ఉన్న చోట ఎరుపు గీతలు కొట్టించి, "ఇక్కడ అడుగు లోతుకు మించి తవ్వరాదు, అవసరమైతే కాలనీ సంఘానికి చెప్పండి" అని పెద్ద అక్షరాలతో రాయించాం. దానికయిన ఖర్చు అనవసరమని మా కమిటీలో ఇద్దరు అన్నారు. మొన్న ఇంటర్నెట్ కేబుల్ వేసేవాళ్లు గునపాలతో వచ్చి, ఆ రాత చదివి, సంఘానికి ఫోను చేసి, తీగను ప్రహరీ బయటి నుంచి తీసుకుపోయారు.